వదులు

ముప్పై ఏళ్ళుగా కాశీబుగ్గలో
కొలతకి అంగుళం కలిపి కత్తిరించడమే నా పని.
ఒళ్ళన్నాక ఊపిరి పీలుస్తుంది, భోజనానికి ఉబ్బుతుంది,
గుడ్డ కూడా కాస్త ఓర్చుకోవాలి.

జీడిపప్పు ఫ్యాక్టరీ దమయంతి వచ్చి
మొదటిసారి తిరగేసి అడిగింది:
"బిగువుగా కుట్టు మావా. ఒంటికంటే సిన్నదిగా."

కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది.
మణికట్టు నుంచి మోచేతి దాకా
బాయిలర్ ఆవిరి రాసిపోయిన రాత.
పుండు మానింది, మచ్చే మానలేదు.
ఎర్రగా, తాడులా, వారం వారం మందమెక్కుతూ,
గాయం అయిపోయిందన్న సంగతి
చర్మానికి ఎవరూ చెప్పనట్టు.

కోసేస్తే పోదా అన్నాను.
"కోస్తే రెండింతలు మొలుస్తాదట."

శ్రీకాకుళం ఆస్పత్రిలో ఫిజియోథెరపీ మేడమ్
కాయితం మీద చెయ్యి బొమ్మ గీసి పంపింది:
రోజుకి ఇరవైమూడు గంటలు తొడుగు.
మిగిలిన గంటలో స్నానం, కొబ్బరినూనె,
బొటనవేలితో గుండ్రంగా, మచ్చ తెల్లబడేంత నొక్కు.
లోపల సిలికాన్ రేకు, వారాల తరబడి అదొక్కటే,
సబ్బునీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టుకోవడం.
కత్తి లేదు, సూది లేదు, పారేసే చెత్తా పెద్దగా లేదు.
ఖరీదంతా ఓపికదే.

సాగే గుడ్డ కోసం బరంపురం నుంచి
ఈతబట్టల తాను ముక్క తెప్పించాను.
మొదటి తొడుగుకి వేళ్ళు నీలమెక్కాయి.
రెండోది మధ్యాహ్నానికే జారింది.
మూడోదానికి కుట్టు బయటికి తిప్పాను.
లోపలుంటే మచ్చని గీరుతుందని
అంతవరకు తట్టలేదు, ఇంత కుట్టినవాణ్ణి.

లెక్కల పుస్తకంలో జాకెట్ల మధ్య ఆమె పేజీ.
మాఘంలో తొమ్మిదిన్నర.
ఉగాదికి తొమ్మిదింబావు.
వానల్లో రెండు షిఫ్టులు పడి నూనె మానేసింది,
మళ్ళీ తొమ్మిదిన్నర.
తిట్టాను.
"రాత్రుళ్ళు దురద, నీకేటి తెలుసు?" అంది.
నిజమే.

దసరా నాటికి తాడు నారైంది,
ఎరుపు తేనెరంగుకి దిగింది.
పోలేదు. పోతుందని ఎవరూ అనలేదు కూడా.
మోచెయ్యి మాత్రం పూర్తిగా చాచి
నా దోసిట్లో గుప్పెడు పప్పు పోసింది.

ఆ పప్పు పొట్లం ఇంటికి తెచ్చిన రాత్రి
చామంతి పాదం కేసి చూశాను.
గంజి పడి కాలినప్పుడు
దాని మీద సిరా పోసినవాణ్ణి నేనే.
మర్నాడు పళ్ళ పేస్టు.
ఆ తర్వాత ఏమీ లేదు.
చిటికెన వేలు పైకి లాక్కుపోయి
ఎడమ చెప్పు పద్దెనిమిదేళ్ళుగా జారుతూనే ఉంది,
నేను పట్టీలు కుట్టి ఇస్తూనే ఉన్నాను.

పాత మచ్చకి పనిచేస్తుందా అని
దమయంతి చేత ఫోన్లో అడిగించాను.
"మాటివ్వలేను. చేస్తే నష్టం లేదు" అందట మేడమ్.

టేపు తీసి పాదం చుట్టూ తిప్పాను.
"నా కాలుకి జాకెట్టు కుడతావేటి?" అంది.
ఏమీ కలపకుండా కొలత రాసుకుని
నూనె గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

ముందు కాలు వెనక్కి లాక్కుంది.
కాసేపటికి, చారులో ఉప్పు తగ్గిందని
ఇంకేదో మాట్లాడుతూనే
మడమ నా అరచేతిలో వదిలేసింది.