ఆరున్నర

పోర్ట్ కెంబ్లాలో ఒక శనివారం, గరాజ్ సేల్.
ఉక్కు ఫ్యాక్టరీ మసి ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది.
కుట్టుమిషనుకీ మూతల్లేని గిన్నెలకీ మధ్య
ఒక బూడిదరంగు పెట్టె,
దాని పొట్టలోనే క్యాసెట్ ప్లేయరు.

"ఇది అది కాదు," అంది డాఫ్నీ, నేనడక్కముందే.
"ఎనభై ఒకటిలో అది కొనే డబ్బు మాకెక్కడిది!
దాని ప్రోగ్రాములన్నీ ఇందులోనూ ఆడతాయని
కొట్టువాడు ఒట్టేశాడు, అచ్చుగుద్దినట్టు."

ఆడేవి.
దాదాపు.

ఆ దాదాపు కోసమే
క్రేన్ నడిపే క్లారీ ఒక నోట్‌బుక్ పెట్టాడు.
రాత్రి షిఫ్ట్ దిగి, బూట్లయినా విప్పకుండా
వంటింటి బల్ల దగ్గర పెన్సిల్ చెక్కుకునేవాడట.

చంద్రుడి మీద దిగే ఆట: కుడి బాణం మనకి లేదు, వేరే కీ వెతకాలి.
ఇంటి పద్దులు: మూడొందల నలభయ్యో వరసలో ఒక అంకె తప్పు.
తప్పు కాదు. వాళ్లకి ఒప్పు.
చదరంగం: శబ్దం ఏడు మీద పెడితే మొరాయిస్తుంది.
ఆరున్నర.
ఆరున్నర కింద రెండు గీతలు.

ఇలా నలభై ఒక్క పేజీలు.
రెండూ ఒకటేనని నమ్మి కొన్న మనిషి
ఎక్కడెక్కడ ఒకటి కావో
పోట్లాడకుండా రాసుకుంటూ పోయాడు.

"ముప్పై తొమ్మిదేళ్లు కాపురం చేశాడు నాతో,"
చిల్లర లెక్కపెడుతూ అంది డాఫ్నీ,
"నా గురించి ఒక్క పేజీ రాసుకునుంటే
ఎంత సుఖపడేవాడో."
నవ్వి, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టింది.

పెట్టె పది డాలర్లు. నోట్‌బుక్ ఊరికే.

ఇంట్లో పాత టీవీకి తగిలించాను.
టేపు కీచుమని గీపెట్టింది. ఏడు. ఆరు.
ఆరున్నర దగ్గర
తెర మూల రెండు చుక్కలు మిణుకుమన్నాయి.
ఇంకో కంపెనీ పేరు తన పేరే అన్నంత ధీమాగా వేసుకుని
చదరంగం బల్ల పరిచింది.

దాని ఎత్తు కోసం కాచుకుంటూ పేజీలు తిప్పాను.
ఆఖరి అట్ట లోపల, అడ్డంగా, అదే పెన్సిల్:

డా. ఆదివారం పది దాటేదాకా మాట్లాడదు. ఏ కీ నొక్కకూడదు.
వాన ముందు మోకాలు. తను చెప్పదు, అడగాలి.
టీలో చక్కెర ఒక చెంచా అంటుంది.
ఒకటిన్నర.

కింద గీతలు లేవు. గీయబోయి ఆగినట్టు ఒక చుక్క.

వచ్చే శనివారం దాకా అట్ట చించాలో
నోట్‌బుక్కే పట్టుకెళ్లాలో తేలేట్టు లేదు.
ఈలోగా యంత్రం గుర్రాన్ని కదిపింది.
నా వంతు.