గుడ్లు ఇంకోచోట

వెర్గారాలో మా వంటింటి కిటికీకి ఎదురుగా
కరెంటు స్తంభం మీదికి
ఒక జంట మట్టి మోస్తోంది.
ఓర్నేరో అంటాం వాటిని, పొయ్యి కట్టే పిట్టలు.
తుంటి విరిగి జూల్మా కుర్చీకి అంటుకుపోయిన వారమే
అవీ పునాది వేశాయి.
"మేస్త్రీలు వచ్చారు" అని ఫోన్ చేసింది.
ఎవర్ని పిలిచావు, డబ్బులెక్కడివి, అని కసిరాను.

నేనప్పుడు ఎనిమిదో నంబరు రోడ్డు మీద
ఇరవై ఎనిమిది టన్నుల వడ్లతో మాంటెవీడియో పోతున్నాను.
ముప్పై ఏళ్లు చూసిందల్లా ముందు లారీ వెనక తలుపే.
పిట్టంటే అద్దం మీద రెట్ట. అంతే.

"నువ్వు చూసినవి చెప్పు," అంది.
"నాకు ఈ చట్రంలో పట్టినంతే లోకం."

సరే, కాటా దగ్గర లైన్లో నిలబడి చెప్పాను:
కోసిన మడిలో నల్ల కంకణాలు
వంకర ముక్కులతో బురదని మిషను కుట్టు కుడుతున్నాయని.
తెడ్డుమూతి కొంగలు, ఒళ్లంతా గులాబీ రంగు,
పాకం చూస్తున్నట్టు నీళ్లు కలుపుతున్నాయని.
ఒకరోజు నాందూ తండ్రి
మోకాలెత్తు పిల్లలు పదకొండింటితో రోడ్డు దాటుతుంటే
లారీ ఆపేశాను, వెనక హారన్లు, తిట్లు.
పొదిగేదీ సాకేదీ అక్కడ మగవాడేనట, అన్నాను.
"ఆ ముక్క మళ్లీ చెప్పు," అంది.
మళ్లీ చెప్పాను.

ఆమె వార్తలు ఆమెవి.
ఇవాళ నలభై ఒక్క విడతలు తెచ్చాయి.
లోపల అడ్డగోడ లేస్తోంది.
పోయినేటి పాత పొయ్యిలోకి పసుపు పిచ్చుక ఒకటి
అద్దె అడగనిచోట కాపురం పెట్టింది.
వానల్లేవు, బురద దొరక్క పని ఆగింది.
మర్నాడు పని సాగింది.
బురద ఎక్కణ్ణుంచి వచ్చింది?
కాస్త ఆగి, "మడమలు తడిశాయిలే," అంది.
వాకర్ పట్టుకుని పెరట్లో గొట్టం తిప్పి వచ్చిందన్నమాట,
డాక్టరు నెల వద్దన్న మనిషి.

తీతువు ఒకచోట అరుస్తుంది,
గుడ్లు ఇంకోచోట పెడుతుంది అంటారు మా వైపు.
నొప్పి లేదు, నొప్పి లేదు అని ఆమె ఎందుకంత గట్టిగా అరిచిందో
అప్పుడర్థమైంది.

నా అరుపులూ తక్కువవి కావు.
మెరీన్ సరస్సు మీద హంసలు చూశానన్నాను నిన్న.
"ఏ హంసలు?"
తెల్లవి.
"మెడ నలుపా?"
లేదు, మెడా తెలుపే.
"అయితే కొస్కొరోబా. ముక్కు ఏ రంగు?"

వైపర్ వేశాను. అద్దం మీద వాన లేదు.
రెండు నెలలుగా దూరపు ముక్కులన్నీ
నాకు ఒకే రంగు.
కంపెనీకి చెప్పలేదు. ఆమెకీ చెప్పలేదు.
ఎరుపు, అన్నాను, ఊహకి.

చాలాసేపు ఫోన్‌లో ఆమె ఊపిరి,
దాని వెనక స్తంభం మీది జంట
ఒకదాని గొంతులో ఇంకోటి దూరి పాడటం.

"ఎరుపే," అంది చివరికి.
"అయినా ఈ లోడు దించేసి ఇంటికి రా, ఇస్మాయేల్.
ఇక్కడ స్తంభం పద్నాలుగు అడుగుల దూరమే.
గుమ్మం ఎటు తిప్పి పెడతాయో
ఇంకా తేల్చుకోలేదు అవి.
కళ్లద్దాల షాపు మంగళవారం తెరుస్తారు."