గుట్ట కింద ఇల్లు

కాజీపేట షెడ్డుల ముప్పయ్యేండ్లు
డీజిల్ వాసన తోటి అన్నం తిన్నోణ్ని.
జనగామ అవతల, ఖిల్లా గుట్ట కింద
నూటిరవై గజాలు కొంటే
ఫిలోమిన మూడొద్దులు మాట్లాడలే.
"కల్లు కోసమే కొన్నవ్" అన్నది నాలుగోనాడు.
అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

పొద్దుగూకితే కోటగోడ నీడ
మా రేకుల మీంచి జారి
తాళ్లల్లకు పోతది.
లొట్ల మూతుల కాడ తేనెటీగల లొల్లి.

సోమనర్సు మోకు భుజానేసుకొని
మా గడప ముంగట్నించే పోయేటోడు.
"వాడికలకే సరిపోతలేదు సారూ" —
ఏడాది సంది అదే మాట,
కత్తి నూరినంత సాఫుగ.

మొన్నటి వానకు మెట్టు కుంగింది.
లేపి చూస్తే, రాయి అడుగు మొఖాన
చెక్కిన సగం హంస.
కోట రాయి!
కాలు చెయ్యి ఆడలే.
గుట్టెక్కిచ్చి అప్పజెప్పొస్తనని
తోపుడుబండి అడగ పోతే
కొంరవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది.
"మా రోలు బురుజుది.
సోమనర్సు కత్తి నూరే బండ దర్వాజది.
నువ్వు గూడ దొంగలల్ల కలిసినవ్, కూసో."

తెల్లారి తాళ్లల్లకెల్లి పిలుపు.
రెండు తాటిరేకలు మలిచి పట్టుకున్నడు సోమనర్సు.
ఫిలోమిన సిలువ గుర్తేసుకొని
ముక్కు మూసుకొని ఒక్క గుక్క.
రెండో గుక్కకు ముక్కిడిసిపెట్టింది.

హంసను మళ్ల బోర్లిచ్చినం.
ఆ మెట్టు ఇంకా కొద్దిగ ఊగుతది.