ఎడమకాలి చోటు

కార్పెట్టు ఎత్తితే మొదట కనబడిందదే.
కుడిపక్క మడమ రాసుకుని రాసుకుని
కింద రేకు దాకా అరిగిపోయి ఉండాది.
ఎడమపక్క మాత్రం
నిన్న షోరూములో పరిచినట్టే.
ముప్పై ఏండ్ల బండిలో
ఎవరూ కాలు పెట్టని జానెడు చోటు.

ఓబన్నకు ఎడమకాలు లేదని తాడిపత్రిలో అందరికీ తెలుసు.
నల్లబండ గనిలో, పేలదులే అనుకున్న మందు
సంగటి ముద్ద నోట్లో పెట్టుకునే యాళకు పేలింది.
మోకాలి కింద పోయింది.
ఆ పైన బొంబాయి దాకా పోయి
ఏదో దేశపు దొరల ఆఫీసోళ్ళు అమ్మేసిన
పాత డీజిల్ బెంజి తోలుకొచ్చినాడు.
క్లచ్చి లేదు. గేరు దానంతటదే పడుతుంది.
"నా కొలతలు తీసుకుని చేసినార్రా జర్మనీలో" అనేవాడు.

ఇప్పుడు ఆ పెట్టె చచ్చిపోయింది.
నూనె దించితే మాడిన బెల్లం వాసన.
ఇంజను ఇంకో ముప్పై ఏండ్లు మోస్తానంటాది,
పెట్టె బాగు చేసేదానికి బెంగుళూరోడు చెప్పిన రేటుకు
యాడికి దగ్గర ఎకరా చేను వస్తుంది.

నేనే అన్నా,
"ట్రాక్స్ జీపు గేరుపెట్టె సరిపోతుంది ఓబన్నా,
రెండు ఇంజన్లూ ఒక కడుపులో పుట్టినవే."
అన్నాక గుర్తొచ్చింది మూడో పెడలు సంగతి.
నాలుక కరుచుకునేలోపే
ఆయన కట్టెకాలు టైరుకు ఆనించి
"వెయ్" అన్నాడు.

గుత్తి గుజిరీలో దొరికింది పెట్టె.
లోపల పద్నాలుగు మందిని, పైన నలుగురిని
రాయలచెరువుకు మోసి మోసి వచ్చింది.
కిరసనాయిలుతో కడిగితే
బురదలోంచి రెండు శెనక్కాయ పొట్లు తేలినాయి.
బెంజి కిందకు పోతాందని దానికి ఎవరు చెప్తారు?

ఎనిమిది దినాలు పట్టింది.
ఫ్లైవీలు కూర్చోబెట్టినా.
క్రాంకు బొడ్డులో ఉంగరమంత బేరింగు దిగ్గొట్టినా.
ప్రొపెల్లర్ షాఫ్టు మూడు వేళ్ళు పొడుగొచ్చింది.
లేత్ కాడ షేక్షావలి కోసి, అతికి,
"అరవైలో వణికితే నన్ను తిట్టొద్దు" అన్నాడు.
వణకలా. అయినా తిట్టినా, అలవాటు.

పాత బ్రేకు పెడలు చేటంత వెడల్పు.
రబ్బరు మీద గీతలన్నీ కుడికాలే తినేసింది.
విప్పి ఇనుప కుప్పలోకి విసరబోతే
ఓబన్న చెయ్యి చాపినాడు.
సాయంత్రం దాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు.
నేనేమీ అడగలా.

ఆ జానెడు చోటికి ఎదురుగా
రేకుకు డ్రిల్లు ఆనించినప్పుడు మాత్రం
కరెంటు ఉండి కూడా
నా చెయ్యి కాసేపు నడవలా.

తొమ్మిదో దినం కూతురు సుంకులమ్మ వచ్చింది.
పాలిష్ ఫ్యాక్టరీ లెక్కలు ఆ పాపవే,
చున్నీ నిండా రాతిపొడి.
స్కూటీ తప్ప ఏదీ తోలింది లేదు.
స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యాలంటే భయం.
మూడుసార్లు ఆపేసింది. నాలుగోసారి గేరు పళ్ళు కొరికింది.
ట్రాక్స్ పెట్టె గదా,
సగం మనసుతో వేస్తే ఒప్పుకోదు.

అప్పుడు పక్క సీట్లోంచి ఓబన్న
గేరు రాడ్డు మీద కుడిచెయ్యి వేసినాడు.
"తొక్కు."
తొక్కింది. వేసినాడు.
"వదులు. మెల్లగా. ఇంగా మెల్లగా, కోడిగుడ్డు కింద పెట్టినట్టు."

పెన్నా బ్రిడ్జి మీద మూడో గేరు.
"ముందే వేసినావు నాయనా!"
"నువ్వు తొక్కింది లేటు!"
వెనక సీట్లో నేను
పెట్టె కూత కోసం చెవి ఒగ్గి కూర్చుంటే
వీళ్ళ రచ్చే వినబడుతోంది.
తొక్కు అన్నప్పుడల్లా
ఆయన ఎడమ తొడ బిగుసుకోవడం
నాకు మాత్రమే కనబడింది.

ఎగువ కాడ సిమెంటు లారీ అడ్డం వచ్చింది.
ఎవరూ తొక్కు అనలా.
రెండో గేరు పడింది,
పడినట్టే తెలియలా.

షెడ్డుకొచ్చినాక కింద దూరి చూసినా.
ఒక్క చుక్క నూనె కారలా.
బిల్లులో ఐదు వందలు తగ్గిద్దామనుకున్నా.
తగ్గించలా.