దుక్మ్ పదిహేడు

గురువారం రాత్రి తొమ్మిదింటికి
మస్కట్‌లో, రూవీ ఆఫీసులో కూచుని
ఒక్క ఎంటర్ కొడతాను.
సోహార్లో, సలాలాలో, ఎడారి స్టోర్లలో
మూడొందల నలభై కంప్యూటర్లు
చీకట్లో ఒక్కొక్కటే కళ్ళు తెరిచి
అప్‌డేట్లు మింగి మళ్ళీ పడుకుంటాయి.
ఒకప్పుడు జేబులో పెన్‌డ్రైవ్‌తో
వెయ్యి కిలోమీటర్లు తిరిగి చేసిన పని.

దుక్మ్ పదిహేడు మాత్రం పలకదు.
నాలుగు వారాలుగా రిపోర్టులో
అదొక్కటే ఎర్రగా.

ఆఫీసు ఫోన్ ఎత్తింది తుడిచే పోశెట్టి.
"ఆ పిలగ్గు నేనే పీకిన సారూ,
నా ఫోను సచ్చిపోతాంది.
గీ యాళ్లకు మా ఆమె బీడీలు చుడుతది,
నేనిటు మాపు గొడుత.
ఏం మాట్లాడుకోం.
ఊకె కనవడుతుండాలె, గంతే."

తిడదామనే చేశాను.
"ఇవాళ ఎన్ని కట్టలు?" అన్నాను.
"ముప్పై రెండు"
వెనక నుంచి, మెట్‌పల్లి నుంచి,
ఆమే చెప్పింది.

పదింటికి ప్లగ్గు మళ్ళీ పెడతానన్నాడు.
స్క్రిప్టులో ఒక షరతు చేర్చాను:
పదిహేడైతే, పదిన్నర దాకా ఆగు.
పైన, మిషన్ చదవకుండా దాటేసే వరుసలో
కారణం రాయాలి, మా ఆఫీసు రూలు.

"బీడీలు" అని రాశాను.
మేనేజర్ ఇంకా అడగలేదు.