చదవడానికి మాత్రమే

గుణుపూర్ ధాన్యం సొసైటీలో సర్వరంటే
గోనెసంచుల గది మూల, ఎలకలకి భయపడి
ఇనప బీరువాలో పెట్టిన పెట్టె.
తలుపు ఓరగా తీసే ఉంచుతాం, దానికి ఉక్కపోస్తుందని.

మేం నలుగురం. ఫైలొకటే.
రైతు పేరు, ఊరు, టోకెను, బస్తాలు.
ఎందరైనా తెరవొచ్చు, రాసే చెయ్యి మాత్రం ఒకటే.
ఈ పొద్దున నేను తెరిస్తే చిన్న పలక లేచింది:
సుకాంతి గొమాంగో వాడుతున్నారు,
మీరు చదవడానికి మాత్రమే.

ఆవిడ కుర్చీ ఖాళీ.
మౌసు పక్కన సగం తాగిన టీ, మీగడ కట్టింది.
తెర మీద ఎవరిదో పేరు మధ్యలో
కర్సరు కొట్టుకుంటోంది.

బయట ట్రాక్టర్లు.
"ఏటి బాబూ, ఇంకా అవ్వనేదా?"
కౌంటరు కంతలో ఒక మొహం, దాని వెనక ఇంకోటి.

తాళం విరగ్గొట్టడం నాకు తెలుసు.
కేలండరు వెనక పెన్సిలుతో రాసుంది పాస్‌వర్డు.
బీరువా దాకా వెళ్ళి రెండు నొక్కులు నొక్కితే
ఆవిడ చేతిలోంచి ఫైలు జారిపోతుంది,
ఆవిడకి తెలీకుండానే.

నిరుడు అదే చేశాను.
పదకొండు వరసలు పోయాయి, అన్నీ కొండమీది సవర ఊళ్ళవి.
పదిమంది మూడు భాషల్లో తిట్టి వెళ్ళారు.
లింగో సవర తిట్టలేదు.
తన బస్తాల మీదే కూర్చున్నాడు చీకటిపడే దాకా,
నా తప్పుకి కాపలా కాస్తున్నట్టు.
ఆ రాత్రి సుకాంతి గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని
ఒక్కో పేరూ మళ్ళీ కొట్టింది.
నన్ను ఒక్క మాటా అనలేదు.
అంటే బాగుణ్ణు.

అందుకని ఇవాళ చెప్పులేసుకుని కాటా దగ్గరికి నడిచాను.
అక్కడుంది, తేమ మీటరు చేత్తో పట్టుకుని
ఎవరో ముసలమ్మతో సవరలో పగలబడి నవ్వుతూ.
"ఫైలు ఒగ్గెయ్ తల్లీ."
నాలిక్కరుచుకుని పరిగెత్తింది.

పలక మారింది. ఇప్పుడు మీరు రాయవచ్చు.

ఆవిడ సగంలో ఆపిన పేరు నిండింది.
మా మేనమామదే.
అప్పలస్వామి కాదు, ఒడియా నోట్లో గుండ్రబడిన అప్పొలొస్వామి.
దిద్దబోయి ఆగాను.
టోకెను మీదా అలాగే ఉంది మరి,
కాటా దగ్గర ఆ పిలుపుకే పలుకుతాడు మామ.

తరవాతి వరసలోకి దిగానో లేదో
వెనకనుంచి ఆవిడ: "అయిందా? నాకింకా ఇద్దరున్నారు."
ఆగు, అన్నాను,
లోపల నేనున్నాను.