నీళ్లు పడలేదు

జేఠ్ నెల. వానకింకా ఇరవై రోజులు.
ఠమేల్ సందులో, ట్రెక్కింగ్ బూట్లు అద్దెకిచ్చే కొట్టు పైన
మా ల్యాబు.
ఎనిమిది కొట్టకముందే మెట్లెక్కి వస్తారు
పొట్ట చేతపట్టుకొని.
బతుకుతెరువుకు కాదు, అక్షరాలా.

మూత బిగించిన డబ్బాను కాగితం సంచిలో దాచి
దొంగసొత్తులా అందిస్తారు.
పేరు రాసుకుంటాను, దేశం రాసుకుంటాను,
రోజుకెన్నిసార్లని అడుగుతాను.
వౌటర్, ముప్పైనాలుగేళ్లు, నెదర్లాండ్స్, పద్నాలుగు సార్లు.
అయిదున్నర వేల మీటర్ల కనుమ దాటొచ్చిన మనిషి
మా మరుగుదొడ్డి గడప దాటలేకపోతున్నాడు.

గ్యాస్ ప్యాకెట్లు కస్టమ్స్‌లో చిక్కుకున్నాయి.
అందుకని పాతకాలపు పద్ధతి:
గాజు జాడీలో ప్లేట్లు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి, మూత బిగిస్తాను.
మంట కాసేపు తడబడి, గాలి చాలక కొండెక్కుతుంది.
అప్పుడు మొదలవుతుంది దాని బతుకు.
నలభై రెండు డిగ్రీలు, రెండు రోజులు,
కోడి కడుపులో ఉండేంత వేడి.

మూడోనాడు అద్దం కింద
సన్నగా, గులాబిరంగులో, వంకర తిరిగి, జంటగా
క్యాంపైలోబాక్టర్.
ఎగిరే సీగల్ రెక్కల్లా ఉంటుందని పుస్తకంలో ఉంది.
నేను సముద్రం చూడలేదు.
కీర్తిపుర్ డాబా మీంచి నాకు తెలిసినవి గద్దలు.
ఇరవయ్యేళ్లుగా ఆ పక్షిని
ఈ మైక్రోస్కోప్ గొట్టంలోనే చూస్తున్నాను.

సిప్రో బిళ్ల చుట్టూ ఒకప్పుడు
నిండు చంద్రుడంత ఖాళీ ఉండేది.
ఇప్పుడు బిళ్ల అంచును ఒరుసుకుంటూ పెరుగుతోంది.

షిగెల్లా అయితే ముందే నెత్తురు చెబుతుంది.
సాల్మొనెల్లా ప్లేటు మీద నల్లబొట్టు పెట్టుకొని కూర్చుంటుంది.
అందరికంటే ఎక్కువమందిని పడగొట్టేది మాత్రం
నాకు దొరకదు.
ఈ.కోలైలో ఒక తెగ అది. మంచిదానికీ చెడ్డదానికీ
ఒకటే రూపు, ఒకటే రంగు.
విషం లోపలెక్కడో రాసి ఉంటుంది,
ఆ రాత చదివే యంత్రం మాకు లేదు.
కాబట్టి టైపు చేస్తాను: రోగకారక క్రిములు కనబడలేదు.
సంతకం దగ్గర పెన్ను కాస్త ఆగుతుంది.

మొన్న మా చెల్లెలి కొడుకు నిశ్చల్‌కి, తొమ్మిది నెలలవాడికి,
నాలుగు రోజులు ఇదే.
కళ్లు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రాలేదు.
వాడి డబ్బా ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
జీవన్‌జల్ పొట్లం లీటరు నీళ్లలో కలిపి
చెంచా తర్వాత చెంచా, తెల్లారేదాకా.
ప్రయాణికుల విరేచనాలని పేరు పెట్టినవాళ్లకు
ఎక్కడికీ ప్రయాణించని పిల్లలు గుర్తుకు రాలేదేమో.
మా అమ్మ అంటుంది, నీళ్లు పడలేదని.
వాడు పుట్టిన ఊరి నీళ్లే.

వౌటర్ తేరుకొని చాక్లెట్ పెట్టెతో వచ్చాడు.
"ఆ మూలమీది మోమోల ముసలామె. ఆమెదే తప్పు.
ఫోన్లో ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చేశాను."
ఇంకేం తిన్నారు?
మేడమీది హోటల్లో సగం కాలిన కోడి, పచ్చి ఆకులు,
ఐసు వేసిన నిమ్మరసం.
"కానీ అది మంచి హోటలు," అన్నాడు.
ఆ మంచి హోటలుకీ ముసలామెకీ నీళ్లు పోసేది
ఒకటే ట్యాంకరు. ఆమె వాటిని మరిగిస్తుంది.
చెప్పడం నా ఉద్యోగం కాదు.
చెప్పాను.
అతను ఫోను బయటికి తీశాడు, చూశాడు,
మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఆసమాయా అవ్వ బల్ల మీద కూర్చున్నాను.
ఈ వారం బేరాలు లేవు, ఎందుకో తెలీదంది.
నేను నోరు విప్పలేదు.
మూత తీసింది. ఆవిరి నా కళ్లజోడును కమ్మేసింది.
"ఆగమ్మా, చెయ్యి కాలుతుంది."

కాలనీ.
వేలితో ముట్టుకొని, వెనక్కి లాక్కొని,
మళ్లీ ముట్టుకున్నాను.